తెలిసీ చెప్పని మాట

ఒక మేనేజరు ఉన్నాడనుకోండి. తెలుగువాడే. ఈ దేశం వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. గ్రీన్ కార్డు, ఆ తర్వాత పౌరసత్వం, అన్నీ అయిపోయాయి. చేతికింద పన్నెండు మంది పనిచేస్తున్నారు. ఒక బుధవారం నాడు పైవాళ్ళు పిలిచి, తలుపు వేసి, ఒక జాబితా చూపించారు. పన్నెండు మందిలో నాలుగు పేర్లు. మూడు వారాల తర్వాత ప్రకటన. అప్పటిదాకా ఎవరికీ చెప్పనని సంతకం పెట్టించుకున్నారు. ఆ నాలుగు పేర్లలో ఒకటి మన కుర్రాడిది. ఆ శనివారం ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం. భోజనాల దగ్గర ఆ కుర్రాడు ప్లేటు పట్టుకుని పక్కకి వచ్చి అడిగాడు: "అన్నా, ఇల్లు చూశాం. వచ్చే వారమే సంతకాలు. మన గ్రూపులో అంతా బాగానే ఉంది కదా?"

ఏం చెప్పాలి?

నాయకత్వం గురించి విమానాశ్రయాల్లో అమ్మే పుస్తకాలు గుట్టలుగా ఉంటాయి. దూరదృష్టి ఎలా ఉండాలి, మార్పుని ఎలా "మేనేజ్" చెయ్యాలి, ఒత్తిడిలో ఊపిరి ఎలా పీల్చాలి, అన్నీ చెబుతాయి. ప్లేటు పట్టుకుని ఎదురుగా నిలబడ్డ మనిషికి ఏం చెప్పాలో మాత్రం చెప్పవు. నా మటుకు నాకు నాయకత్వం అనే మాటకి అర్థం తేలేది అక్కడే. ఉద్యోగంలో మనశ్శాంతి ఉంటుందో పోతుందో తేలేది కూడా అక్కడే.

ఈ ప్రశ్న మనవాళ్ళకి మరీ బరువైనది. అమెరికాలో పుట్టినవాడికి ఉద్యోగం పోతే జీతం పోతుంది, ఆరోగ్య బీమా పోతుంది. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఆ రెండింటితో పాటు కాలికింద నేల కూడా పోతుంది. ఉద్యోగం పోయాక ఈ దేశంలో ఉండటానికి ఇప్పుడు గరిష్ఠంగా 60 రోజులు గడువు ఇస్తున్నారు. అదైనా 2017 జనవరిలో వచ్చిన నిబంధన వల్లనే. 2001లో డాట్ కామ్ బుడగ పేలినప్పుడూ, 2008లో లేమన్ బ్రదర్స్ కూలిన తర్వాతా ఉద్యోగాలు పోయిన మనవాళ్ళకి ఆ గడువు కూడా లేదు. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ మాతృసంస్థ 12,000 మందిని తీసేసినప్పుడు మన ఇళ్ళలో క్యాలెండర్లు ముందేసుకుని లెక్కపెట్టుకున్నది ఆ అరవై రోజులనే. పిల్లవాడి బడి, కారు అప్పు, ఊళ్ళో అమ్మానాన్నలకి తీసిన విమానం టిక్కెట్లు, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అలాంటి మనిషికి మూడు వారాల ముందు తెలియటానికీ తెలియకపోవటానికీ ఎంత తేడానో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ మేనేజరు ముందున్న దారులు మూడు. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, సంతకం పెట్టాను కాబట్టి నోరు విప్పను అనటం. దీన్ని పిరికితనం అని కొట్టిపారెయ్యటం తేలిక. కాని ఈ వాదంలో నిజం ఉంది. జాబితాలు ఆఖరి నిమిషం వరకూ మారుతూనే ఉంటాయి. ఇవాళ ఉన్న పేరు రేపు తీసేసి, ఆ స్థానంలో ఇంకో పేరు చేరుస్తారు. ఈయన మాట విని కుర్రాడు ఇల్లు వదులుకుని, కంగారుగా వేరే ఉద్యోగం వెతుక్కుని వెళ్ళిపోయాక జాబితాలో అతని పేరు మాయమైతే? రహస్యం పొక్కితే మిగిలిన పదకొండు మందీ ఆ మూడు వారాలూ పని మానేసి గుసగుసలతో గడుపుతారు. పైగా మాట ఇచ్చి తప్పటం కూడా ఒక తప్పే. ఇవన్నీ ఒప్పుకోవాలి.

రెండోది, చెవిలో చెప్పటం. "ఇల్లు ఇప్పుడే వద్దులే తమ్ముడూ" అని తెలుగులో ఒక మాట. మనలో చాలామంది ఈ దారినే మెచ్చుకుంటారని నాకు తెలుసు. వాడు మనవాడు, వాడి పెళ్ళికి వెళ్ళాం, వాడి కూతురి బారసాలలో ఉయ్యాల ఊపాం. కంపెనీ ఎవరిది, కాగితం ఎవరిది? చుట్టరికంలాంటిది ముందా, సంతకం ముందా? మన ఊళ్ళలో పెరిగిన ఎవరికైనా ఈ వాదం రక్తంలో ఉంటుంది. అది చెడ్డది కూడా కాదు. పరాయి దేశంలో మనం నిలదొక్కుకున్నది ఇలాంటి మాటసాయాల మీదే. మొదటి నెల ఎవరింట్లో తలదాచుకున్నామో, డ్రైవింగు ఎవరు నేర్పారో మరిచిపోయే జాతి కాదు మనది.

అయితే ఆ జాబితాలో నాలుగు పేర్లు ఉన్నాయి. రెండో పేరు వియత్నాం నుంచి వచ్చిన ఒకావిడది అనుకోండి. మూడో పేరు అరవైకి దగ్గర పడిన అమెరికన్ది, భార్యకి వైద్యం జరుగుతోంది. నాలుగో పేరు నిన్నగాక మొన్న చేరిన పిల్లది. వాళ్ళకి సత్యనారాయణ వ్రతం పిలుపు రాలేదు. వాళ్ళకి అర్థమయ్యే భాషలో ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఈయన ఆ నలుగురికీ మేనేజరు. ఒకడికే తెలుగులో చెబితే, మిగిలిన ముగ్గురికీ ఆయన ఇక మేనేజరు కాడు, వాళ్ళ మీద జీతం తీసుకునే పరాయివాడు. ఇదే పని ఇంకొకడు తన భాషవాడికి చేసి మన కుర్రాడిని వదిలేస్తే మనం ఏమంటాం? వివక్ష అంటాం, గొంతెత్తి అంటాం. మనకి జరిగితే వివక్ష అయినది మనం చేస్తే ఆప్యాయత ఎలా అవుతుంది? చెవిలో చెప్పే దారి నాకు నచ్చకపోవటానికి సంతకం కంటే ఇదే పెద్ద కారణం.

మూడో దారి అన్నిటికంటే వాడుకలో ఉన్నది, అన్నిటికంటే ప్రమాదకరమైనది. "నీ పని చాలా బాగుంది, నీకేం ఫరవాలేదు" అని భుజం తట్టటం. అందులో అబద్ధం వెతికితే దొరకదు. అతని పని నిజంగానే బాగుంది. కంపెనీ లాయరు ముందు నిలబెట్టినా ఒక్క అక్షరం తప్పుపట్టలేడు. భారతం చదివిన మనకి ఇలాంటి మాట కొత్తది కాదు. ద్రోణుడు చేతిలో విల్లు వదలాలంటే కొడుకు చనిపోయాడని నమ్మాలి. ఆయన నమ్మేది ధర్మరాజు మాట ఒక్కటే. అందుకని అశ్వత్థామ చచ్చాడన్న మాట గట్టిగా వినపడింది, ఏనుగన్న మాట గొంతులోనే ఉండిపోయింది. అంతవరకూ నేలకి నాలుగు అంగుళాల పైన నడిచిన ధర్మరాజు రథం ఆ క్షణాన నేలని తాకిందని కథ. ఆ రథం విరగలేదు, ఆగిపోలేదు. అందరి రథాల్లాగే నడుస్తూ పోయింది, యుద్ధం కూడా గెలిచింది. ఆయన పోగొట్టుకున్నది ఆ నాలుగు అంగుళాలే. ఆ ఎత్తు ఎక్కడినుంచి వచ్చింది? ఈయన చెబితే నిజమే అయ్యుంటుందని శత్రువు కూడా నమ్మటం వల్ల వచ్చింది. ఆ నమ్మకాన్నే ఆయుధంగా వాడుకున్నాక అది మిగలదు.

మరి నాలుగో దారి ఉందా? ఉందనే నా అభిప్రాయం.

చెప్పకపోవటం వేరు, తప్పుదారి పట్టించటం వేరు. తెలిసినదంతా అందరికీ చెప్పాలనే నియమం ఏ ధర్మశాస్త్రంలోనూ లేదు. వైద్యుడూ, లాయరూ, బ్యాంకు గుమాస్తా రోజూ తెలిసినవి దాచుకునే బతుకుతారు. కాని నా మాట మీద ఆనుకుని ఒక మనిషి వెనక్కి తీసుకోలేని పని చెయ్యబోతున్నాడని తెలిసి కూడా, ఆ మాట కింద నేల లేదని తెలిసి కూడా, ఆనుకోనివ్వటం మోసం. కాబట్టి ఆ మేనేజరు చెప్పగలిగిన మాట ఇలాంటిది: "తమ్ముడూ, కంపెనీలో ఎవరి ఉద్యోగం ఉంటుందో, ఎవరిది పోతుందో అనే ప్రశ్నకి నేను ఎప్పుడూ, ఎవరికీ జవాబు చెప్పను. బాగుందని చెప్పను, బాగాలేదనీ చెప్పను. నా మాట మీద ఇల్లు కొనవద్దు, నా మాట మీద మానుకోనూ వద్దు. వీసా మీద ఉన్నవాళ్ళెవరైనా ఆరు నెలలు జీతం లేకపోయినా కట్టగలమా అని లెక్క చూసుకుని కొనాలని అందరికీ చెబుతాను, నీకూ అదే చెబుతున్నాను."

ఇందులో ఒక చిక్కు ఉంది. ఎప్పుడూ "బ్రహ్మాండంగా ఉంది" అనే మనిషి ఆ శనివారం మాత్రం "జవాబు చెప్పను" అంటే అది చెప్పినట్టే లెక్క. కుర్రాడు తెలివైనవాడు, మొహం చూసే గ్రహిస్తాడు. అందుకే ఈ మాట జాబితా లేని రోజుల్లో అలవాటు చేసుకోవాలి. కంపెనీ లాభాల్లో ఉన్నప్పుడు, కొత్తవాళ్ళని చేర్చుకుంటున్నప్పుడు, ఎవడో సరదాగా అడిగినప్పుడు కూడా ఇదే జవాబు ఇచ్చి ఉండాలి. అప్పుడు అది ముడివార్త కాదు, ఈయన పద్ధతి అంతే అనుకుంటారు. గడ్డు రోజుల్లో నిజాయితీగా ఉండటానికి మంచి రోజుల్లోనే పెట్టుబడి పెట్టాలి. అదే మాట వియత్నాం ఆవిడకీ, ఆ పెద్దాయనకీ, కొత్తగా చేరిన పిల్లకీ కూడా, అందరూ వినేటట్టు గ్రూపు మీటింగులోనే చెప్పవచ్చు. తెలుగులో రహస్యంగా చెప్పాల్సిన పని ఉండదు.

"చెప్పకపోతే వాళ్ళకే మంచిది, అనవసరంగా దిగులెందుకు" అనే వాదం ఒకటి తరచు వినపడుతుంది. దీని సంగతి కొంచెం చూడాలి. లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ఒకటుంది. పై పదవుల్లో ఉన్నవాళ్ళకే ఒత్తిడి ఎక్కువ, గుండెజబ్బులూ వాళ్ళకే అని అందరూ అనుకునే రోజులవి. లెక్క తిరగబడింది: కింది మెట్లమీద ఉన్నవాళ్ళే ఎక్కువగా చనిపోతున్నారని తేలింది. 1985లో మైకేల్ మార్మట్ నాయకత్వంలో 10,308 మందితో రెండో అధ్యయనం మొదలుపెట్టారు. తన పని మీద తనకి పట్టు లేకపోవటం గుండెకి చేటు అని అందులో కనపడింది. అదే అధ్యయనం జరుగుతున్న కాలంలో ఒక ప్రభుత్వ శాఖని ప్రైవేటుకి అమ్మబోతున్నారు. ఆ శాఖవాళ్ళని మిగిలినవాళ్ళతో పోల్చి చూస్తే, ఉద్యోగం పోకముందే, ఏమవుతుందోనన్న ఎదురుచూపులోనే వాళ్ళ ఆరోగ్యం తగ్గటం మొదలైందని 1995లో ప్రచురించారు.

దీన్నిబట్టి నాకు తోచేది ఏమిటంటే, మనుషుల్ని అనారోగ్యం పాలుచేసేది చెడ్డ వార్త ఒక్కటే కాదు, తేలని వార్త కూడా. జాబితా దాచినంత మాత్రాన దిగులు దాగదు. తలుపులు మూసిన మీటింగులూ, మాట మార్చే మేనేజర్లూ అందరికీ కనపడుతూనే ఉంటారు. కాబట్టి పేర్లు చెప్పలేని నాయకుడు కూడా చెయ్యగలిగిన పని ఒకటుంది: ఎదురుచూపుని తగ్గించటం. మూడు వారాలు ఎందుకు, వారంలో ఎందుకు తేల్చలేరు అని పైవాళ్ళని నిలదియ్యటం. ఫలానా తారీకుకి అందరికీ తెలుస్తుందని చెప్పటానికి అనుమతి తెచ్చుకోవటం. పేర్లు రహస్యం కావచ్చు, తారీకు రహస్యం కానక్కర్లేదు.

చెయ్యగలిగినవి ఇంకా ఉన్నాయి. నూరు మందికి పైగా ఉన్న కంపెనీలు మూకుమ్మడిగా తీసేసేటప్పుడు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ఇక్కడ 1988లో చేసిన చట్టం చెబుతుంది. చాలా కంపెనీలు ఆ రెండు నెలలూ పనికి రానివ్వకుండా జీతం మాత్రం ఇస్తాయి. వీసా గడువు మామూలుగా జీతం అందిన ఆఖరి రోజు నుంచి లెక్కకి వస్తుంది. అంటే అదే సొమ్ముని ఒక్కసారిగా చెక్కు రాసి ఇవ్వటం కంటే, నెల నెలా జీతంగా ఇస్తే హెచ్-1బి మనిషికి ఇంకొన్ని వారాలు దొరుకుతాయి. కంపెనీకి పోయేదేమీ లేదు. అలాగే ఐ-140 ఆమోదం పొంది 180 రోజులు నిండితే, ఆ తర్వాత కంపెనీ వెనక్కి తీసుకున్నా అది రద్దు కాదు; ఆరేళ్ళు దాటిన వీసాకి అదే ఆధారం. 170వ రోజున తీసెయ్యటానికీ 181వ రోజున తీసెయ్యటానికీ ఒక కుటుంబం బతుకంత తేడా ఉంది. ఇవి పైనున్న పెద్దాయనకి తెలియవు, తెలిసే అవసరం ఆయనకి రాలేదు. ఆ వరసలో ఏళ్ళతరబడి నిలబడి వచ్చిన తెలుగు మేనేజరుకి తెలుసు. జాబితా చూపించిన గదిలోనే, తలుపు వేసి ఉండగానే, వీసా మీదున్న ప్రతి ఒక్కరి తరపునా ఆ మాట అడగవచ్చు. మనవాడి మీద ప్రేమ ఉంటే దాన్ని చూపించాల్సిన చోటు ఆ గది. అక్కడ అడిగితే మన కుర్రాడికి దక్కేది వియత్నాం ఆవిడకీ దక్కుతుంది.

ఎలా చెప్పారన్నది కూడా చిన్న విషయం కాదు. 2021 డిసెంబరులో బెటర్ డాట్ కామ్ అధిపతి విశాల్ గార్గ్ దాదాపు 900 మందిని ఒక్క జూమ్ కాల్లో తీసేశాడు. గతంలో ఇలా చేసినప్పుడు ఏడ్చానని కూడా అందులోనే చెప్పుకొచ్చాడు. ఉద్యోగం పోయినవాడికి ఆయన కన్నీళ్ళతో ఏం పని? 2020 మేలో, కరోనాతో ప్రయాణాలు ఆగిపోయినప్పుడు, ఎయిర్‌బిఎన్‌బి అధిపతి బ్రయన్ చెస్కీ దాదాపు 1,900 మందిని తీశాడు, అంటే కంపెనీలో నాలుగోవంతు. ఎందుకు తీస్తున్నారో, ఎలా ఎంచారో, ఎవరికి ఏమిస్తారో వివరంగా ఉత్తరం రాశాడు. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఏడాది పాటు ఆరోగ్య బీమా ఇచ్చాడు. వేరే ఉద్యోగాలు వెతికిపెట్టటానికి తన మనుషుల్ని కేటాయించాడు. ఉద్యోగాలు అక్కడా పోయాయి, ఇక్కడా పోయాయి. పోయినవాళ్ళు తలెత్తుకుని వెళ్ళారా లేదా అన్నదే తేడా.

ఇంకో మెట్టు పైకెక్కి, అసలు తియ్యకుండా ఉండవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. అలాంటి మనిషి కూడా ఈ దేశంలో ఉండేవాడు. మాసచూసెట్స్‌లో మాల్డెన్ మిల్స్ అనే బట్టల మిల్లు 1995 డిసెంబరులో తగలబడింది. యజమాని ఏరన్ ఫాయర్‌స్టైన్‌కి అప్పటికి డెబ్బై ఏళ్ళు. బీమా డబ్బు తీసుకుని ఇంట్లో కూర్చోవచ్చు. ఆయన అక్కడే మళ్ళీ కట్టిస్తానన్నాడు. పని లేకుండా ఉన్న దాదాపు 3,000 మందికి కొన్ని నెలలపాటు జీతాలిచ్చాడు. దేశమంతా జేజేలు పలికింది. 2001లో ఆ కంపెనీ దివాలా తీసింది, తర్వాత ఆయన చేతిలోంచి జారిపోయింది. ఆయన చేసింది తప్పా? నాకలా అనిపించదు. కాని మంచితనం వ్యాపారాన్ని కాపాడుతుందని మాత్రం ఆ కథ చెప్పదు. నాయకుడు ఉద్యోగాలకి హామీ ఇవ్వలేడు. హామీ ఇవ్వగలిగింది తన మాటకి, తన ప్రవర్తనకి.

ఇక నాయకుడి నిద్ర సంగతి. ఈ మధ్య ప్రతి కంపెనీలోనూ "వెల్‌నెస్" కార్యక్రమాలు వచ్చాయి. ధ్యానం నేర్పే ఫోను ప్రోగ్రాములు, మధ్యాహ్నం యోగా. మంచివే. మన విద్య మనకే తిరిగి అమ్ముతున్నారని నవ్వుకుంటూనే నేర్చుకోవచ్చు. కాని ప్రతి నిద్రలేమీ జబ్బు కాదు. భారతంలో ఉద్యోగపర్వంలోనే (పేరు చూసి నవ్వకండి) ధృతరాష్ట్రుడికి ఒక రాత్రి నిద్ర పట్టదు. పాండవుల దగ్గర నుంచి సంజయుడు తిరిగొచ్చాడు, నాలుగు చీవాట్లు పెట్టాడు, ధర్మరాజు కబురు మాత్రం రేపు సభలో చెబుతానని వెళ్ళిపోయాడు. ఆ తెలియని మాట రాజుని దహించేసింది. వైట్‌హాల్ గుమాస్తాలకి వచ్చిన జబ్బే ఇదీ! అప్పుడు విదురుణ్ణి పిలిపించాడు. విదురుడు జోలపాట పాడలేదు. బలవంతుడితో పెట్టుకున్నవాడికీ, సొత్తు పోగొట్టుకున్నవాడికీ, దొంగకీ నిద్ర పట్టదంటారు, నీకు వీటిలో ఏది వచ్చింది అని మొదలుపెట్టి, తెల్లవార్లూ చెప్పింది ఒకటే: వాళ్ళ భాగం వాళ్ళకి ఇచ్చెయ్యి, నిద్ర అదే వస్తుంది. రాజు అంతా విన్నాడు, నిజమే అన్నాడు, కాని దుర్యోధనుణ్ణి తలుచుకుంటే మనసు మళ్ళిపోతోందన్నాడు. మనవాడు అనే మమకారం న్యాయాన్ని ఎలా పక్కకి నెట్టేస్తుందో అంతకంటే సూటిగా చెప్పిన ఘట్టం నాకు తెలియదు.

జాబితా చూసిన మేనేజరుకి నిద్ర పట్టకపోతే, పట్టటానికి మందు వెతికే ముందు విదురుడి ప్రశ్న వేసుకోవాలి. ఎవరికి చెందినది నా దగ్గర ఉండిపోయింది? అడగాల్సిన మాట అడిగానా? ఎవరినైనా నా మాట మీద ఆననిచ్చానా? వాటికి జవాబు సరిగ్గా ఉంటే, అప్పటికీ నిద్ర రాకపోతే, తప్పకుండా వైద్యుడి దగ్గరకి వెళ్ళాలి, స్నేహితుడితో మాట్లాడాలి, అందులో నామోషీ లేదు. జవాబు సరిగ్గా లేనప్పుడు ధ్యానం చెయ్యటం అంటే మోగుతున్న గంట చుట్టూ గుడ్డ చుట్టటమే.

"నేను మధ్యలోవాణ్ణి, నాచేతిలో ఏముంది?" అనేవాళ్ళున్నారు. ఒక్కోసారి అది నిజం కూడా. 2023లో గూగుల్లో చాలామంది మేనేజర్లు తమ కిందివాళ్ళ సంగతి వాళ్ళతో పాటే తెల్లారాక తెలుసుకున్నారని పత్రికల్లో వచ్చింది. అయినా ఆ తర్వాత రోజు ఒకటి ఉంటుంది. పన్నెండు మందిలో ఎనిమిది మంది మిగులుతారు. పోయినవాళ్ళ కుర్చీలు చూస్తారు, వాళ్ళ పని తమ మీద పడిందని చూస్తారు, తాము ఎందుకు మిగిలామో తెలియక తలదించుకుంటారు. పోయిన నలుగురికీ మేనేజరు ఫోను చేశాడా లేదా అన్నది కూడా చూస్తారు. ఉద్యోగం పోయినవాడికి మొదటి వారంలో నలభై ఫోన్లు వస్తాయి, ఐదో వారంలో ఒక్కటీ రాదు. ఆ ఐదో వారం ఫోనుకి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ సంతకమూ అడ్డు రాదు. నలుగురికీ చెయ్యాలి, నాలుగు నంబర్లూ దగ్గర పెట్టుకోవాలి.